దొర ఒంట్లో దొంగ

"ఫ్రిజ్‌లో ఎన్ని ఇన్సులిన్ పెన్నులు ఉండాలి?" అని అడిగింది నిదానం.

"మూడు. రెండే ఉన్నాయి," అంది కోడలు. "ఇన్‌స్పెక్టర్ గారు కూడా ఇదే అడిగారు. నాకు తెలీదన్నాను. ఆయన దృష్టిలో తెలీదంటే తెలిసినట్టేనట."

నిదానం ఫ్రిజ్ తలుపు మూసింది. అది ఆమె అసలు పేరు కాదు. పోలీసు శాఖలో పనిచేసే రోజుల్లో ఒక పై అధికారి విసుగెత్తి తగిలించిన పేరు. ఉద్యోగం మానేసి సొంతంగా డిటెక్టివ్ పని పెట్టుకున్నా ఆ పేరు మాత్రం వెంటే వచ్చింది. ఇప్పుడు బోర్డు మీద కూడా అదే రాయించుకుంది.

ఈ ఇంటి పెద్దాయన గడియారాలు బాగుచేస్తాడు. షుగర్ జబ్బు మనిషి. పొద్దున ఒకసారి, సాయంత్రం భోజనానికి ముందు ఒకసారి పెన్నులాంటి సూదితో ఇన్సులిన్ వేసుకోవాలి. చేతులు వణకడం మొదలయ్యాక ఆ పని కోడలు చూసుకుంటోంది. పెద్దాయనకు ప్రాణం లాంటిది ఆయన కుక్క. ముదురు గోధుమరంగు బొచ్చు, పెద్ద తల, ఎవరైనా పిలిస్తే వెంటనే రాకపోవడం చూసి దానికి దొర అని పేరు పెట్టారు. ఆ దొర మొన్న పొద్దున వర్క్‌షాపు గదిలో పడిపోయి కాళ్లు కొట్టుకుంది. చిన్నకొడుకు దాన్ని చేతుల మీద మోసుకుని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. రక్తంలో చక్కెర ఉండవలసినదానిలో సగం కూడా లేదు. ఆ ఇంట్లోనే ఇన్సులిన్ ఉంది. అందులో ఒక పెన్ను కనబడటం లేదు. కోడలికి కుక్క అంటే పడదని వీధి వీధంతా తెలుసు. సంగతి పోలీసుల దాకా వెళ్లింది. ఇన్‌స్పెక్టర్ ఇంకేమీ వెతకనక్కర్లేదనుకున్నాడు.

నిదానాన్ని పిలిపించింది పెద్దాయనే. వచ్చీరాగానే ఆయన చెప్పిన మాట విచిత్రంగా ఉంది. తన కోడలు అలాంటి పని చెయ్యదని, చేసిందని తేల్చి చెప్పినా తాను నమ్మనని, అయినా ఎవరు చేశారో తేల్చమని. నమ్మనని ముందే చెప్పిన మనిషికి పని చేసిపెట్టడం నిదానానికి ఇదే మొదలు.

"'ఈ ఇంట్లో కుక్కైనా ఉండాలి, నేనైనా ఉండాలి' అని మీరు అన్నారట. నిజమేనా?" అని కోడల్ని అడిగింది.

"అన్నాను. వీధి తలుపు దగ్గర నిలబడి అన్నాను. అందరూ విన్నారు."

"ఎందుకు?"

కోడలు తుడిచిన గిన్నెనే మళ్లీ తుడుస్తూ చెప్పింది. ఆమె భర్త, అంటే పెద్దకొడుకు, పోయి మూడేళ్లయింది. అతను పని నుంచి వచ్చే వేళకి దొర గేటు దగ్గర కూర్చునేదట. అతను పోయాక కూడా మానలేదు. రోజూ అదే వేళకి వెళ్లి కూర్చుంటుంది, చీకటి పడేదాకా చూస్తుంది, లేచి వస్తుంది.

"నేను మర్చిపోదామనుకున్న టైముకి అది గుర్తుచేస్తుందండీ," అందామె. "దాని మీద కోపం కాదు. ఎవరి మీద కోపమో తెలీక దాని మీద అరిచాను."

నిదానం ఇంకేమీ అడగకుండా వర్క్‌షాపు గదిలోకి వెళ్లింది.

గోడ నిండా గడియారాలు. ఒక్కొక్కటి ఒక్కో సమయం చూపిస్తోంది. కిటికీ పక్కన పొడవాటి పనిబల్ల, దాని కింద దొర పడుకునే పరుపు. నిదానం మోకాళ్ల మీద కూర్చుని బల్ల కిందికి తల పెట్టింది. విరిగిన సూది, ఖాళీ సీసా లాంటివేమీ లేవు. పరుపు పక్కన బిస్కెట్ల డబ్బా ఉంది. మనుషులకు పనికొచ్చే కొన్ని కృత్రిమ తీపి పదార్థాలు కుక్కల ఒంట్లో చక్కెరను పడగొడతాయని ఆమె ఎక్కడో చదివింది. డబ్బా తిప్పి, అద్దాలు పెట్టుకుని వివరాలు చదివింది. అలాంటిదేమీ లేదు. మామూలు బిస్కెట్లే.

లేవబోతుంటే బల్లకాలు కంటబడింది. కాలికి కింది భాగంలో పాత తువ్వాలు చుట్టి తాడుతో బిగించారు. మిగతా మూడు కాళ్లకూ లేదు. తువ్వాలు విప్పబోతే గడియారాల నూనె దట్టంగా ఇంకి చెక్కకు అతుక్కుపోయి ఉంది. నిన్నా మొన్నా చుట్టినది కాదు.

పెద్దాయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఈ తువ్వాలు ఎందుకండీ?" అంది నిదానం.

ఆయన ముందు బల్ల ఊగుతోందన్నాడు. నిదానం బల్ల పట్టుకుని ఊపింది. అది కదల్లేదు. ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. అప్పుడు నెమ్మదిగా బయటపెట్టాడు. దొర పడిపోవడం మొన్న మొదటిసారి కాదు. చలికాలం నుంచి అప్పుడప్పుడూ జరుగుతోంది. ఆకలి వేళకో, గేటు దాకా పరుగెత్తి వచ్చాకో, ఎవరైనా వస్తే సంబరపడిపోయినప్పుడో వెనక కాళ్లు జావగారిపోయేవి. మత్తెక్కినట్టు చూసేది. ఒకసారి పడి తల ఈ బల్లకాలికే కొట్టుకుంది. అందుకే తువ్వాలు. నోట్లో బిస్కెట్ పెడితే కాసేపటికి తోక ఊపుతూ లేచేది.

"ఎవరికీ చెప్పలేదా?"

"చెబితే ముసలి కుక్క, ఇంక సూది వేయించి పంపించేద్దామంటారని భయం. నాకూ దానికీ ఒకే జబ్బు లెమ్మనుకున్నాను. ముసలితనం."

"మొదటిసారి పడినప్పుడు కోడలు ఇంట్లో ఉన్నారా?"

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ ఆలోచించాడు. లేదు. ఆమెకి కడుపులో ఆపరేషన్ అయి ఆస్పత్రిలో ఉన్న రోజులవి. ఆ మాట తన నోటితో తానే చెప్పాక ఆయన ముఖం తేటపడింది.

చిన్నకొడుకు టీ తెచ్చాడు. స్కూల్లో డ్రాయింగ్ మాస్టరు. మెత్తటి మాట, వేళ్ల మీద రంగు మరకలు. కప్పు పిడి అవతలివాళ్ల చేతికి అందేలా తిప్పి ఇచ్చే మర్యాద. నిదానం అతన్ని వరండాలో కూర్చోబెట్టి అడిగింది. పెన్ను పోయిన సంగతి ముందు గమనించింది తనేనని, పోలీసులు అడిగితే దాచలేకపోయానని చెప్పాడు. వదిన గురించి చెడ్డగా ఒక్క మాట కూడా అనలేనన్నాడు. ఆ మాట రెండుసార్లు అన్నాడు. రెండోసారి అన్నప్పుడు నిట్టూర్చాడు.

"ఈ గడియారాల దుకాణం మీ నాన్నగారి తర్వాత ఎవరికి?"

"వదినకే. నాన్న ఎప్పుడో చెప్పేశారు. నాకు గడియారాల పని రాదు కదండీ," అని నవ్వాడు.

నిదానం టీ తాగి, బాగుందని చెప్పి, క్లినిక్‌కు బయల్దేరింది.

డాక్టరమ్మ పొట్టి మనిషి. గట్టిగా మాట్లాడుతుంది. అయినా కుక్కల దగ్గరికి వెళ్లేసరికి గొంతు దానంతట అదే తగ్గిపోతుంది. దొర వెనక గదిలో ఒక బోనులో ఉంది. మొన్నటి నుంచి అక్కడే. నిన్నటికి సెలైన్ బాటిల్ కూడా తీసేశారు. తాళంచెవి డాక్టరమ్మ మెడలో ఉంది. వీధి గుమ్మంలో ఇన్‌స్పెక్టర్ పెట్టిన కానిస్టేబుల్ ఉన్నాడు. ఇంటివాళ్లనెవర్నీ లోపలికి రానివ్వడం లేదు.

తువ్వాలు సంగతి, చలికాలం సంగతి, బిస్కెట్ల సంగతి నిదానం ఒకదాని తర్వాత ఒకటి చెప్పింది. వింటున్నకొద్దీ డాక్టరమ్మ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"ఈ మాటలు మొన్న ఎవరూ చెప్పలేదు," అంది. "చెప్పి ఉంటే నేను ఇన్సులిన్ పెన్నుల గురించి ఎత్తేదాన్నే కాదు."

ఆమె కాగితం మీద వంకర ఆకులాంటి బొమ్మ గీసింది. అది క్లోమం. కడుపు పక్కన నక్కి ఉండే గ్రంథి. తిండి తిన్నాక రక్తంలో చక్కెర పెరిగితే ఇది ఇన్సులిన్ వదులుతుంది. చక్కెర తగ్గితే వదలడం మానేస్తుంది. అరుదుగా కొన్ని కుక్కలకు, ముఖ్యంగా వయసు మళ్లిన పెద్ద జాతి కుక్కలకు, ఆ గ్రంథిలో చిన్న గడ్డ పుడుతుంది. మిరియపు గింజంత ఉన్నా చాలు. చక్కెర పడిపోయినా సరే, అది ఇన్సులిన్ వదులుతూనే ఉంటుంది. దానికి ఆపడం తెలీదు.

"బిస్కెట్ పెడితే లేచేది కదా?"

"లేస్తుంది. కానీ తీపి తగలగానే ఆ గడ్డకు ఇంకా హుషారొస్తుంది. ఇంకా ఎక్కువ వదులుతుంది. కాసేపు బాగుండి మళ్లీ పడుతుంది. పెద్దాయన ప్రేమగా పెట్టాడు పాపం. తెలీదుగా."

నిదానం ఆ బొమ్మకేసి చూస్తూ, బయటి నుంచి సూదితో ఎక్కించినా, లోపలి గడ్డ వదిలినా రక్తంలో కనబడేది ఇన్సులినే కదా, రెండింటికీ తేడా ఎలా పట్టడమని అడిగింది. డాక్టరమ్మ దగ్గర దానికి సులువైన జవాబుంది. సూది వేసే చెయ్యి అందని చోట కుక్కను పెట్టాలి. కడుపు ఖాళీగా ఉంచి, కనిపెట్టుకుని ఉండాలి. చక్కెర మళ్లీ పడిపోతే, పడేసేది బయటివాళ్లు కాదు.

"ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మనం పట్టుకుందాం," అందామె.

పొద్దున దొరకు కాస్త తిండి పెట్టారు, అంతే. ఇక నిదానం బోను ఎదురుగా స్టూలు వేసుకు కూర్చుంది. గంటకోసారి డాక్టరమ్మ వచ్చి దొర చెవి అంచు నుంచి చుక్క రక్తం తీసి చిన్న మీటరులో చూసేది. మొదట్లో బాగానే ఉంది. దొర ముందు కాళ్ల మీద తల పెట్టుకుని నిదానాన్ని చూస్తూ పడుకుంది. కళ్లలో నమ్మకమూ లేదు, అనుమానమూ లేదు. ఒకసారి నిదానం బోను ఊచల్లోంచి రెండు వేళ్లు పెట్టింది. దొర వాసన చూసి ఊరుకుంది.

మధ్యాహ్నం దాటాక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. చురుకైనవాడు. అవతలివాళ్లు ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకమని పేరుంది. ఆ పేరు అతనికీ తెలుసు. అదే చిక్కు. ఒకప్పుడు నిదానం కిందే పని నేర్చుకున్నాడు.

"మేడమ్, ఇక్కడేం చేస్తున్నారు?"

"కుక్కని చూస్తున్నాను."

"మీ పేరు నిలబెడుతున్నారు." అతను బల్ల అంచున కూర్చున్నాడు. తన లెక్క చెప్పాడు. పెన్ను పోయింది. ఇన్సులిన్ వేయడం చేతనైనది ఆ ఇంట్లో కోడలికే. కుక్క మీద ద్వేషం ఉంది. సాయంత్రం ఆమెను ఇక్కడికే రమ్మన్నాడు. ల్యాబు నుంచి దొర రక్తం రిపోర్టు అదే వేళకు వస్తుంది. ఇన్సులిన్ ఎక్కువ ఉందని తేలితే ఇక్కణ్ణుంచే స్టేషన్‌కు తీసుకెళ్తాడు.

కోడలు ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా కుక్క పడిపోయిందని నిదానం చెప్పింది. ముసలాయనకు కోడలంటే ప్రేమ, ఏదైనా చెబుతాడని అతను కొట్టిపారేశాడు. నూనె ఇంకిన తువ్వాలు గురించి చెప్పింది. తువ్వాలు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పదన్నాడు.

"అయితే కాసేపు కూర్చో. చెప్పేది ఇక్కడుంది," అంది నిదానం, దొరను చూపించి.

అతను కూర్చోలేదు. కానీ వెళ్లనూ లేదు.

నాలుగు దాటాక దొర లేచి నిలబడబోయింది. వెనక కాళ్లు పట్టు తప్పాయి. పెదవులు అదురుతున్నాయి. చూపు ఎటో ఉంది. డాక్టరమ్మ వచ్చి చెవి నుంచి చుక్క తీసింది. మీటరు ఇన్‌స్పెక్టర్ వైపు తిప్పింది. నలభై రెండు. ఆ వెంటనే కాలి నరం నుంచి సీసాలోకి రక్తం తీసి పక్కన పెట్టి, చక్కెర నీళ్లు ఎక్కించడం మొదలుపెట్టింది. కాసేపటికి దొర ఊపిరి కుదుటపడింది.

"మొన్న వేసిన మందే ఇంకా పనిచేస్తోందేమో," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ఈసారి కాస్త మెల్లగా.

"ఇన్ని పూటలు నిలవదు," అంది డాక్టరమ్మ. "మధ్యలో బాగా కోలుకుంది. ఇప్పుడు నా తాళం కింద, మీ కానిస్టేబుల్ కాపలాలో, ఈవిడ కళ్లెదుటే పడింది. సూది వేసిన చెయ్యి ఎవరిదో మీరే చెప్పండి."

సాయంత్రం ల్యాబు రిపోర్టు వచ్చింది. మొన్న పడిపోయినప్పుడు తీసిన రక్తమది. చక్కెర అడుగంటినా ఇన్సులిన్ ఎక్కువే ఉంది. డాక్టరమ్మ ఆ రిపోర్టునూ ఇవాళ్టి మీటరు లెక్కనూ పక్కపక్కన పెట్టి, దాదాపు ఖాయం, క్లోమంలో గడ్డేనని చెప్పింది. మామూలు స్కాన్‌కు అంత చిన్నది దొరక్కపోవచ్చు. పెద్ద మిషన్ ఉన్నచోటికి రేపు పంపాలి. గడ్డ ఒకేచోట ఉంటే ఆపరేషన్ చేసి తీసెయ్యవచ్చు. కుదరకపోతే మందులతో, కొద్దికొద్దిగా ఎక్కువసార్లు తిండితో కొన్నాళ్లు హాయిగా గడిపించవచ్చు.

ఆ మాటలు గుమ్మంలో నిలబడి కోడలు విన్నది. ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఆమె తిన్నగా బోను దగ్గరికి వెళ్లి నేల మీద కూర్చుంది. దొర తల ఎత్తకుండానే తోక ఒకసారి నేలకు కొట్టింది. ఆమె ముఖం చీర కొంగులో దాచుకుంది.

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. ఆమెకు క్షమాపణ చెప్పాడు. ఆ పని అతను చక్కగానే చేశాడు. తర్వాత నిదానం వైపు తిరిగాడు.

"ఒప్పుకుంటున్నాను మేడమ్. కుక్కకు ఎవరూ ఏమీ చెయ్యలేదు. కానీ పెన్ను పోయిన మాట నిజం. కుక్క కోసం కాకపోతే మరెందుకు తీశారు?"

నిదానం పొద్దున్నించీ ఒక ప్రశ్నకే జవాబు వెతికింది. ఇతను రెండోది అడిగాడు. అదే అసలు ప్రశ్న.

"డాక్టరమ్మా," అంది. "మొన్న ఇన్సులిన్ పెన్నుల మాట ఎత్తానన్నారు. ఎవరితో?"

"కుక్కను తెచ్చినాయనతో. ఇంట్లో ఎవరికైనా ఇన్సులిన్ వాడతారా, పొరపాటున కుక్కకు తగిలిందా అని అడిగాను. మా నాన్నకు వాడతామన్నాడు. మంచివాడిలా ఉన్నాడు. చాలా విషయాలు అడిగాడు."

"ఏమేం అడిగాడు?"

డాక్టరమ్మ గుర్తు తెచ్చుకుంది. "మనుషులకైనా ఇంతేనా అన్నాడు. అవునన్నాను. ఎక్కువైతే ఎంతసేపట్లో స్పృహ తప్పుతుందన్నాడు. మందును బట్టి ఉంటుంది, కడుపు ఖాళీగా ఉంటే తొందరగా అన్నాను. నాన్న గురించి భయపడుతున్నాడనుకున్నాను."

మొన్నటికి పెన్నులు మూడూ ఉన్నాయని కోడలు అక్కణ్ణుంచే అంది. కుక్కను క్లినిక్‌కు తీసుకెళ్లిన పొద్దున మామగారికి మందు వేసేటప్పుడు తానే చూసిందట. పోయింది ఆ తర్వాతే. ఇన్‌స్పెక్టర్ ఆమె వైపు తిరిగాడు. ఆ సంగతి తనకెందుకు చెప్పలేదని అడగబోయి, తాను అడగనే లేదని గుర్తొచ్చి ఊరుకున్నాడు.

"ఈ సాయంత్రం మందు ఎవరు వేశారు?" అంది నిదానం.

"నేనే. వేసి, భోజనం బల్ల మీద పెట్టి వచ్చాను. మా మరిది ఉన్నాడుగా, తినిపిస్తానన్నాడు." అలా అంటూనే కోడలు మెల్లగా లేచి నిలబడింది.

అందరి ఎదుటా మందు వేసి బయటికొచ్చింది ఆమె. కుక్కకు ఇన్సులిన్ ఎక్కించిందన్న నింద అప్పటికే ఆమె మీద ఉంది. ఇప్పుడు ఆ ఇంట్లో అదే రకంగా ఇంకో ప్రాణం పోతే, ఎవరి చెయ్యి అని ఎవరూ అడగరు. ఆమె జైలుకెళ్తే దుకాణానికి మిగిలేది చిన్నకొడుకే.

నిదానం ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ నొక్కింది. చాలాసేపు మోగాక పెద్దాయన ఎత్తాడు. మాట ముద్దముద్దగా ఉంది. ఎవరు మాట్లాడుతున్నారో రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

"భోజనం చేశారా?"

"లేదమ్మా. కంచం చిన్నోడు తీసుకెళ్లాడు. ఇప్పుడే తినకూడదన్నాడు."

"ఎందుకని?"

"కోడలు వేసిన మందు సరిగ్గా ఎక్కలేదట. వాడు మళ్లీ వేశాడు." ఆయన ఆగి ఆగి ఊపిరి తీసుకున్నాడు. "చెమటలు పడుతున్నాయమ్మా. గడియారాలన్నీ ఒకేసారి కొడుతున్నట్టుంది."

ఇన్‌స్పెక్టర్ అప్పటికే తలుపు దాటి జీపు వైపు పరుగెత్తుతున్నాడు. వెనకే డాక్టరమ్మ చేతికందిన గ్లూకోజు సీసాలు సంచిలో వేసుకుంటూ అంబులెన్స్‌కు ఫోన్ చేయమని కానిస్టేబుల్‌కు చెబుతోంది. నిదానం గొంతు మాత్రం మారలేదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాట విడివిడిగా చెప్పింది. లేచి వంటింట్లోకి వెళ్లండి. గోడ పట్టుకుని నడవండి. చక్కెర డబ్బా తీసి గుప్పెడు నోట్లో వేసుకోండి. ఫోన్ చేతిలోనే ఉంచుకోండి, నేను మాట్లాడుతూనే ఉంటాను.

కుర్చీ జరిగిన చప్పుడు వినబడింది. తర్వాత కాళ్లీడుస్తున్న చప్పుడు. ఇంకొకరి అడుగుల చప్పుడు, తొందరలేనిది, దగ్గరికి వచ్చింది. ఫోన్ చేతులు మారింది.

"నాన్నగారికి నిద్ర వస్తోందండీ," అన్నాడు చిన్నకొడుకు, ఎప్పటిలాగే మెత్తగా. "రేపు మాట్లాడిస్తాను."

ఫోన్ పెట్టేశాడు.